కచ్చల్ తొలి పొద్దు, రోమన్ల లెక్క: వార్షికోత్సవ తేదీల వెనుక ఉన్న ప్రాచీన విద్య

నికోబార్ దీవుల నడిమి వరుసలోని కచ్చల్ ద్వీపం 1999 చివరి నెలల్లో ఒక్కసారిగా వార్తలకెక్కింది. 2000 జనవరి 1న గ్రీనిచ్‌లో అర్ధరాత్రి దాటే క్షణానికి సరిగ్గా ఈ ద్వీపం మీద సూర్యుడు ఉదయిస్తాడనీ, కాబట్టి కొత్త సహస్రాబ్ది తొలి పొద్దు పొడిచేది ఇక్కడేననీ ప్రచారం సాగింది. ఖగోళ గణితం వరకు అందులో లోపం లేదు. భారత ప్రామాణిక కాలం గ్రీనిచ్ కాలానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. జనవరి ఆరంభంలో కచ్చల్‌లో సూర్యోదయం అయ్యేదీ ఉదయం అయిదున్నర ప్రాంతంలోనే. అంతర్జాతీయ దినరేఖను బట్టి చూస్తే మాత్రం పసిఫిక్ దీవుల్లో జనవరి 1 అంతకు ఎన్నో గంటల ముందే తెల్లవారింది. కిరిబాటి దేశం తన భూభాగమంతటా ఒకే తేదీ ఉండేలా 1995లోనే ఆ రేఖను తూర్పుకు జరుపుకుంది. తూర్పు కొసనున్న కరోలిన్ ద్వీపానికి ఆ తరువాత మిలీనియం ద్వీపమని కొత్త పేరు కూడా పెట్టుకుంది.

అసలు చిక్కు సూర్యోదయంలో లేదు, సంవత్సరంలో ఉంది. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరమనేది లేదు. క్రీ.పూ. 1 ముగిసిన మరునాడే క్రీ.శ. 1 మొదలవుతుంది. ఒకటి నుంచి లెక్కపెట్టినప్పుడు రెండు వేల ఏళ్లు నిండేది 2000 డిసెంబరు 31న. మూడో సహస్రాబ్ది తొలి సూర్యోదయం 2001 జనవరి 1న అయింది. ఆ రోజున కచ్చల్‌ను ఎవరూ తలచుకోలేదు.

ఈ లెక్కకు మూలపురుషుడు డయోనిసియస్ ఎక్సిగూస్ అనే క్రైస్తవ సన్యాసి. రోమ్‌లో నివసించిన ఆయన క్రీ.శ. 525లో ఈస్టర్ పండుగ తేదీల పట్టికను లాటిన్‌లో తయారుచేస్తూ, సంవత్సరాలను క్రీస్తు అవతరణ నుంచి లెక్కించాడు. ఆయన వాడిన రోమన్ అంకెల్లో సున్నాకు గుర్తు లేదు. నికోబారీ భాషలు మాట్లాడే ఒక ద్వీపానికి దాదాపు పదిహేను శతాబ్దాల తరువాత దక్కిన క్షణికమైన కీర్తి ఆ పట్టిక చలవే. వార్షికోత్సవాలను లెక్కించేటప్పుడు నేటికీ తలెత్తే తికమకలు చాలావరకు రోమన్ల నుంచి వచ్చినవే. అవి ఎలా వచ్చాయో చెప్పగలిగిన విద్య ఇప్పుడు అనేక దేశాల్లో విశ్వవిద్యాలయాల నుంచి తప్పుకుంటోంది.

నిండిన ఏడు, నడుస్తున్న ఏడు

పిల్లవాడికి ఎన్నేళ్లని అడిగితే "అయిదు నిండాయి, ఆరోది నడుస్తోంది" అని చెప్పడం తెలుగిళ్లలో అలవాటు. ఒకే వయసుకు రెండు సంఖ్యలు, రెండూ సరైనవే. పంచాంగకర్తలు కలియుగాన్ని గడచిన సంవత్సరాలతో చెబుతారు. 2025 మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది నాటికి 5126 ఏళ్లు గడిచాయి, 5127వ ఏడు నడక మొదలుపెట్టింది. మరోవైపు పదకొండో రోజు, పన్నెండో రోజు కర్మల లెక్కలో మనిషి పోయిన రోజునే మొదటి రోజుగా పడతారు. అంటే తెలుగువారికి రెండు పద్ధతులూ పరిచితమే. ఏ సందర్భానికి ఏది వాడాలో ఆచారం చెబుతుంది.

రోమన్లు రోజుల లెక్కలో రెండో పద్ధతినే పట్టుకున్నారు. వారి నెలలో మూడు గుర్తు దినాలు ఉండేవి. మొదటి రోజు కలెండే; ఐదో రోజు నోనే; పదమూడో రోజు ఈడుస్. మార్చి, మే, జూలై, అక్టోబరు నెలల్లో మాత్రం నోనే ఏడున, ఈడుస్ పదిహేనున వచ్చేవి. మిగతా రోజులన్నిటినీ రాబోయే గుర్తు దినానికి ఎన్నో రోజు ముందో చూసి చెప్పేవారు. ఆ లెక్కలో మొదటి రోజూ, చివరి రోజూ రెండూ కలిసేవి. అప్పుల మీద వడ్డీ కలెండే నాడు కట్టాల్సి వచ్చేది. వడ్డీ పద్దుల పుస్తకానికి ఉన్న కలెండారియం అన్న పేరే నేటి క్యాలెండర్‌కు మూలం.

అండమాన్ చరిత్రలోని తేదీలను ఈ పద్ధతిలోకి మార్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 1857 తిరుగుబాటు తరువాత తొలి ఖైదీల ఓడ పోర్ట్ బ్లెయిర్ చేరిన 1858 మార్చి 10, రోమన్ పద్ధతిలో మార్చి ఈడుస్‌కు ముందు ఆరో రోజు అవుతుంది. పదిహేనులోంచి పది తీసివేస్తే వచ్చేది అయిదే అయినా రోమన్ ఆరు అంటాడు. వైస్రాయి మేయో ప్రభువు హోప్‌టౌన్ వద్ద హత్యకు గురైన 1872 ఫిబ్రవరి 8 కూడా ఫిబ్రవరి ఈడుస్‌కు ముందు ఆరో రోజే. నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేసిన 1943 డిసెంబరు 30, జనవరి కలెండేకు ముందు మూడో రోజు. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 అదే కలెండేకు ముందు ఏడో రోజు.

ఈ అలవాటు రోమన్లనే ఒకసారి గట్టిగా దెబ్బతీసింది. జూలియస్ సీజర్ అలెగ్జాండ్రియా ఖగోళవేత్త సోసిజెనెస్ సలహాతో క్యాలెండర్‌ను సంస్కరించాడు. అంతకుముందు పేరుకుపోయిన తేడాను సరిదిద్దడానికి క్రీ.పూ. 46ను 445 రోజుల సంవత్సరంగా సాగదీశారు, క్రీ.పూ. 45 జనవరి 1 నుంచి కొత్త పద్ధతి అమలైంది. నాలుగేళ్లకు ఒకసారి ఒక రోజు కలపాలన్నది నియమం. మరుసటి ఏడాదే సీజర్ హత్యకు గురయ్యాడు. క్యాలెండర్ బాధ్యత చూసే పూజారులు "ప్రతి నాలుగో ఏట" అన్న మాటను తమ లెక్కలో అర్థం చేసుకుని, అధిక దినం వచ్చిన ఏడును కూడా కలుపుకొని, మూడేళ్లకొకసారి రోజు కలుపుతూ పోయారు. ముప్పై ఆరేళ్లలో తొమ్మిది కలపవలసిన చోట పన్నెండు కలిశాయి. చివరికి అగస్టస్ చక్రవర్తి కొన్నేళ్లపాటు అధిక దినాలను ఆపించి ఆ మూడు రోజులను మింగించాల్సి వచ్చింది. ఈ కారణంగా సీజర్ హత్య జరిగిన క్రీ.పూ. 44 మార్చి ఈడుస్‌ను నేటి తేదీతో రోజుకు రోజు సరిపోల్చడం నిపుణులకు కూడా తేలిక కాదు.

తెలుగులో రోజూ పలికే జూలై, ఆగస్టు ఈ ఇద్దరి పేర్లే. వాటి తరువాతి నెలల్లో సంస్కృతం తెలిసినవారి చెవికి సప్త, అష్ట, నవ, దశ వినిపిస్తాయి. సంవత్సరం మార్చితో మొదలైన కాలంలో అవి నిజంగానే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదో నెలలు.

రోమ్ పుట్టినరోజు ఎన్నవది?

రోమ్ నగరం క్రీ.పూ. 753 ఏప్రిల్ 21న స్థాపితమైందని పండితుడు వర్రో పేరిట స్థిరపడిన లెక్క. ఆ తేదీకి చారిత్రక ఆధారం లేకపోయినా ఉత్సవాలన్నీ దాని చుట్టూనే అల్లుకున్నాయి. క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 47లో ఎనిమిది వందల ఏళ్ల ఉత్సవం జరిపాడు. అది ఎనిమిది వందలో ఏడు నడుస్తున్న కాలం. నిండడానికి ఇంకా ఏడాది ఉంది. ఫిలిప్ చక్రవర్తి వెయ్యేళ్ల ఉత్సవాన్ని క్రీ.శ. 248లో, అంటే వెయ్యీ నిండాక జరిపాడు. ఒకే నగరం, ఒకే పుట్టినరోజు, రెండు పద్ధతులు. క్లాడియస్ నాటి చాటింపుపై జనం నవ్వుకున్నారని చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. ఎవరూ ఎన్నడూ చూడని, ఇకమీదట చూడబోని ఉత్సవానికి రమ్మని చాటింపు వేశారు, అగస్టస్ క్రీ.పూ. 17లో జరిపిన అదే తరహా ఉత్సవాన్ని చూసిన వృద్ధులు అప్పటికి ఇంకా బతికే ఉన్నారు.

నేటి రోమ్ నగరపాలక సంస్థ క్లాడియస్ పక్షాన ఉంది. 2025 ఏప్రిల్ 21న నగరం తన 2778వ పుట్టినరోజు జరుపుకుంది; నిండినవి 2777 ఏళ్లు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇది రాజకీయమైంది. ముస్సోలినీ పాలనలోని ఇటలీ ప్రాచీన రోమ్‌కు తానే వారసురాలినని చాటుకోవడానికి ద్విసహస్రాబ్ది ఉత్సవాలను వరుసగా నిర్వహించింది. క్రీ.పూ. 70లో పుట్టిన కవి వర్జిల్‌కు 1930లో, క్రీ.పూ. 65లో పుట్టిన హోరెస్‌కు 1935లో ఉత్సవాలు జరిగాయి. క్రీ.పూ. 63 సెప్టెంబరు 23న పుట్టిన అగస్టస్ పేరిట రోమ్‌లో భారీ ప్రదర్శన 1937 సెప్టెంబరు 23న ప్రారంభమైంది. సున్నా సంవత్సరం లేదన్న సంగతి గుర్తుంచుకుంటే రెండు వేల ఏళ్లు నిండేది వరుసగా 1931, 1936, 1938లలో. అగస్టస్ మరణానికి 2014 ఆగస్టు 19న జరిగిన ద్విసహస్రాబ్దిలో మాత్రం ఈ చిక్కు లేదు, ఆయన క్రీ.శ. 14లో మరణించాడు గనుక శకం మారే గీతను దాటనక్కర్లేదు.

భారతదేశంలోనూ వార్తా కార్యాలయాలు ఏటా ఆగస్టులో ఎదుర్కొనే ప్రశ్న ఇదే. 2022 ఆగస్టు 15న స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండాయి. ఆ రోజు జరిగింది 76వ స్వాతంత్ర్య దినోత్సవం. 75వది అంతకు ముందు ఏడే అయిపోయింది. అండమాన్‌లో 2018 డిసెంబరు 30న, నేతాజీ పతాకావిష్కరణకు 75 ఏళ్లు నిండిన రోజున, రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమనీ, నీల్ ద్వీపానికి షహీద్ ద్వీపమనీ, హావెలాక్ ద్వీపానికి స్వరాజ్ ద్వీపమనీ పేర్లు మార్చారు. అది నిండిన లెక్క. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. దానికి ఏ వార్షికోత్సవాన్నీ జోడించలేదు.

మార్గశిర పౌర్ణమి

రోమన్ ప్రపంచపు కాలగణన భారతదేశానికి బ్రిటిషువారితో రాలేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో సంగ్రహించిన అయిదు సిద్ధాంతాల్లో ఒకటి రోమక సిద్ధాంతం. పేరులో రోమ్ ఉన్నా అది మోసుకొచ్చింది అలెగ్జాండ్రియా గ్రీకు ఖగోళవిద్యను. అందులోని యుగ ప్రమాణం 2850 ఏళ్లు, అంటే పందొమ్మిదిని నూట యాభైతో గుణిస్తే వచ్చే సంఖ్య. పందొమ్మిది సౌర సంవత్సరాలకు చంద్రుని తిథులు దాదాపు అవే తేదీలకు తిరిగివస్తాయన్న గ్రీకు సూత్రం దానికి ఆధారం. గ్రహాల పేర్లతో ఉన్న వారాలు కూడా ఆ దారినే వచ్చాయి. భారత శాసనాల్లో వారం పేరుతో తేదీ చెప్పిన తొలి ఉదాహరణ క్రీ.శ. 484 నాటి ఏరణ్ స్తంభ శాసనం. అందులో ఉన్నది గురువారం.

ఈ పందొమ్మిదేళ్ల చక్రం అండమాన్‌లోని తెలుగు కుటుంబాలకు పుస్తక విషయం కాదు. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంత జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం దానిదే. సునామీ వచ్చిన రోజు తారణ నామ సంవత్సర మార్గశిర పౌర్ణమి. ప్రభుత్వ సంస్మరణ ఏటా డిసెంబరు 26న జరుగుతుంది. ఇంటి తద్దినం తిథిని బట్టి వస్తుంది. ఈ రెండూ సాధారణంగా వేరువేరు రోజుల్లో పడతాయి. సరిగ్గా పందొమ్మిదేళ్లకు, 2023లో, మార్గశిర పౌర్ణమి మళ్లీ డిసెంబరు 26నే వచ్చింది.

ఆ ఏడాది మరో విశేషం కూడా ఉంది. దృగ్గణితం ప్రకారం పౌర్ణమి డిసెంబరు 26 ఉదయం అయిదు ముప్పావు ప్రాంతంలో మొదలై, మరునాడు ఉదయం ఆరు దాటిన కొద్ది నిమిషాలకు ముగిసింది. విజయవాడలో ఆ రోజుల్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి అక్కడ సూర్యోదయ వేళ పౌర్ణమి ఉన్నది 26న. పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యోదయం సుమారు అయిదూ ముప్పై అయిదుకే. అంటే 26న పొద్దు పొడిచేసరికి పౌర్ణమి ఇంకా రాలేదు. సూర్యోదయానికి పౌర్ణమి ఉన్నది 27న. తద్దినానికి అపరాహ్ణ తిథిని చూస్తారు గనుక ఆచరణలో రెండు చోట్లా 26 నిలిచింది. సూర్యోదయ తిథిని పాటించే వ్రతాలకు ప్రధాన భూమిలో అచ్చయిన పంచాంగాన్ని దీవుల్లో నేరుగా అనుసరిస్తే ఇలాంటి సందర్భాల్లో ఒక రోజు తేడా వస్తుంది. పన్నెండు డిగ్రీల రేఖాంశం, నలభై ఎనిమిది నిమిషాలు: ఏ ఊరికి ఆ ఊరి పంచాంగం ఉండాలని పాతవారు పట్టుబట్టడంలోని అర్థం ఇదే.

దీవుల సొంత లెక్కలు

కచ్చల్‌లో సహస్రాబ్ది గురించి అందరూ మాట్లాడిన రోజుల్లో నికోబారీల సొంత కాలగణన గురించి ఎవరూ అడగలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దీవుల్లో పనిచేసిన అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మాన్ దాన్ని నమోదు చేశాడు. నికోబారీలు ఋతుపవనాలను లెక్కించేవారు. నైరుతి కాలం ఒకటి, ఈశాన్య కాలం ఒకటి. ఈ రెండూ కలిస్తేనే ఇతరుల సంవత్సరం. ఈ పద్ధతిలో రెండు వేల ఏళ్లంటే నాలుగు వేల ఋతుపవనాలు. జనవరి, డిసెంబరు ప్రధానంగా చర్చితోనూ పరిపాలనతోనూ వచ్చాయి. కొత్త నిబంధనను కార్ నికోబారీ భాషలోకి అనువదించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ తొలి లోక్‌సభలో ఈ దీవుల ప్రతినిధిగా నామినేట్ అయ్యారు. క్రైస్తవం విస్తృతంగా పాదుకున్న ఈ దీవుల్లో 2004 నాటి అలలు క్రిస్మస్ మరునాటి ఉదయం వచ్చాయి. సహస్రాబ్ది పొద్దుకు అయిదేళ్లు నిండడానికి అప్పటికి ఆరు రోజులు మిగిలి ఉన్నాయి. అత్యధికంగా ప్రాణనష్టం జరిగిన ద్వీపాల్లో కచ్చల్ ఒకటి.

అండమానీయుల లెక్క మరింత భిన్నం. 1906-08 మధ్య ఇక్కడ అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో వెలువరించిన గ్రంథంలో దాన్ని పరిమళాల క్యాలెండర్‌గా వర్ణించాడు. ఏ కాలంలో ఏ చెట్టు పూస్తుందో, ఆ పూల వాసన అడవిని ఎలా నింపుతుందో, తేనెకు ఏ రుచి వస్తుందో దాన్నిబట్టి కాలానికి పేరు. ఇందులో సంవత్సరాల సంఖ్య ఉండదు, శతాబ్ది ఉత్సవానికి తావుండదు. ఈ పేర్లన్నీ భాషలో ఉన్నాయి. భాష పోతే క్యాలెండర్ కూడా పోతుంది.

గ్రీకు పటంలో బంగాళాఖాతం

ఈ దీవులు రోమన్ సామ్రాజ్య కాలపు పాఠకులకు పూర్తిగా తెలియనివి కావు. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ గ్రీకులో రాసిన భూగోళ గ్రంథం తెలుగు తీరాన్ని మైసోలియా అంటుంది. అక్కడి కొంటకోస్సిల అనే వర్తక కేంద్రాన్ని ప్రస్తావించి, సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి సాగే చోటును కూడా గుర్తిస్తుంది. ఏడో ఖండంలోనే ఆ తరువాత సముద్రంలోని దీవుల పట్టిక వస్తుంది: మంచి దేవత ద్వీపం, శంఖాలు దొరికే, జనం దిగంబరంగా తిరిగే బజకాత, నరభక్షకులవని చెప్పిన బరూసై, ఇంకా మరికొన్ని. మంచి దేవత ద్వీపమే అండమాన్ కావచ్చని పందొమ్మిదో శతాబ్దంలో హెన్రీ యూల్ సూచించాడు. బరూసై నికోబార్ అని మరికొందరన్నారు. టాలెమీ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు బంగాళాఖాతాన్ని వంకరగా చూపుతాయి కాబట్టి ఈ గుర్తింపులేవీ నిర్ధారణకు రాలేదు. నికోబార్ మాత్రం పదకొండో శతాబ్దపు రాజేంద్ర చోళుని తమిళ ప్రశస్తిలో నక్కవారంగా స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు తీరం విషయంలో ఊహకు మించిన ఆధారం దొరికింది. టాలెమీ కొంటకోస్సిలను కృష్ణా జిల్లాలోని ఘంటసాలగా పోల్చడానికి వీలు కలిగించింది నాగార్జునకొండ ప్రాకృత శాసనాల్లోని కంటకసేల అనే పేరు. గ్రీకు మాత్రమే తెలిసినవారికి ఆ శాసనం అందదు. ప్రాకృతం మాత్రమే తెలిసినవారికి టాలెమీ అందడు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో, నాగార్జునకొండలో, పెద్దబంకూరులో దొరికిన రోమన్ నాణేలదీ ఇదే పరిస్థితి. చక్రవర్తి ఎన్నోసారి ఏ పదవి చేపట్టాడో నాణెం అంచున లాటిన్ సంక్షిప్తాక్షరాల్లో చెక్కి ఉంటుంది. అది చదవగలిగితే నాణెం ముద్రించిన ఏడు తెలుస్తుంది. ఆ నాణెం దొరికిన పొరకు, ఆ పొరలోని శాతవాహన కట్టడానికి కాలం నిర్ణయించే మార్గం ఏర్పడుతుంది. తెలుగు చరిత్రలోని తేదీలు కొన్ని లాటిన్ అక్షరాల మీద ఆధారపడి ఉన్నాయన్న మాట.

తగ్గుతున్న పాఠకులు

అలాంటి చదువు చదివేవారు ఎక్కడ ఉన్నారన్నది ఇప్పటి ప్రశ్న. 1854లో మెకాలే కమిటీ ఇండియన్ సివిల్ సర్వీసు పోటీ పరీక్షకు మార్కులు ప్రతిపాదించినప్పుడు గ్రీకుకు 750, లాటిన్‌కు 750 ఇచ్చింది. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. వలస పాలన కాలంలో భారత భూగోళాన్ని టాలెమీతో సరిపోల్చే పని ప్రధానంగా ఆ చదువుల్లో పెరిగిన ఆంగ్ల అధికారుల చేతుల్లో ఉండటానికి కారణం వెతకనక్కర్లేదు. స్వాతంత్ర్యం తరువాత ఆ రెండు భాషలను పాలకుల చదువుగానే చూసి పక్కన పెట్టారు. లాటిన్ నేడు దేశంలో ప్రధానంగా కేథలిక్ గురువిద్యాలయాల్లో బతికి ఉంది. తెలుగులోకి వచ్చిన గ్రీకు, లాటిన్ రచనల్లో అత్యధికం ఆంగ్లం మీదుగా వచ్చినవే.

ఆ భాషల సొంత గడ్డపై కూడా పరిస్థితి నిలకడగా లేదు. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల చారిత్రక విద్యాకేంద్రమైన హోవర్డ్ విశ్వవిద్యాలయం 2021లో తన ప్రాచీన భాషల విభాగాన్ని రద్దు చేసింది. అదే ఏడాది ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం ప్రాచీన విద్యల ప్రధాన పట్టా విద్యార్థులకు గ్రీకు లేదా లాటిన్ తప్పనిసరి అన్న నిబంధనను తొలగించింది. బ్రిటన్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో లాటిన్ బోధనకు 2021లో ప్రకటించిన పథకానికి నిధులు 2025 ఫిబ్రవరితో ఆగిపోయాయి. విద్యా సంవత్సరం మధ్యలో.

భారతదేశంలో ప్రాచీన భాష అన్న మాటకు 2004 నుంచి ప్రభుత్వ హోదా అర్థం కూడా వచ్చి చేరింది. ముందు తమిళం, 2005లో సంస్కృతం, 2008లో తెలుగు, కన్నడ, 2013లో మలయాళం, 2014లో ఒడియా. 2024 అక్టోబరులో మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీ చేరడంతో మొత్తం పదకొండు. తెలుగు హోదాను సవాలు చేసిన వ్యాజ్యాన్ని మద్రాసు హైకోర్టు 2016లో తోసిపుచ్చింది. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి తరలి 2020 నుంచి నెల్లూరులో ఉంది. హోదాపై జరిగినంత చర్చ, హోదా వచ్చాక శాసన లిపులు చదవగలిగే యువతరాన్ని ఎలా తయారుచేయాలన్న దానిపై జరగలేదు. ప్రాకృతానికి హోదా రావడం తెలుగు చరిత్రకు తెలుగు హోదా అంత ముఖ్యం. శాతవాహనుల, ఇక్ష్వాకుల శాసనాలు చాలావరకు ఆ భాషలోనే ఉన్నాయి.

హోదా జాబితాలోకి ఎన్నటికీ రాని భాషలు అండమాన్‌లో ఉన్నాయి. లిఖిత సాహిత్యం, ప్రాచీన గ్రంథాలు హోదాకు ప్రమాణాలు కాబట్టి అది సహజమే. పోర్ట్ బ్లెయిర్ పరిసరాల భాష అకా-బేయా. మాన్ కూర్చిన దాని నిఘంటువు 1923లో బొంబాయిలో పుస్తకంగా వచ్చింది. నేడు ఆ భాష మాట్లాడేవారు లేరు, నిఘంటువు ఉంది. బో భాష చివరి వక్త బోవా సీనియర్ 2010 జనవరి 26న సుమారు 85 ఏళ్ల వయసులో మరణించారు. సునామీని చూసి బతికినవారిలో ఆమె ఒకరు. చివరి ఏళ్లలో ఆమెతో ఆమె భాషలో సంభాషించగలవారు మిగలలేదు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను రికార్డు చేశారు. గ్రేట్ అండమానీ నిఘంటువును, వ్యాకరణాన్ని ప్రచురించారు. దేశం గణతంత్ర దినోత్సవం జరుపుకునే తేదీ ఒక భాషకు కూడా వర్ధంతి అన్న సంగతి దీవుల బయట కొద్దిమందికే తెలుసు.

రోమ్‌కు ఎనిమిది వందల ఏళ్ల ఉత్సవం జరిపిన క్లాడియస్‌కు ఇలాంటి పనిలోనే ఆసక్తి ఉండేది. ఆయన కాలానికి ఎట్రస్కన్ భాష మాట్లాడేవారు అరుదైపోయారు. ఆ జాతి చరిత్రను క్లాడియస్ గ్రీకులో ఇరవై సంపుటాలుగా రాశాడు; ఒక్కటీ దక్కలేదు. ఎట్రస్కన్ శాసనాల లిపిని నేడు చదవగలరు గాని అర్థం కొంతవరకే తెలుస్తుంది. ఈడుస్ అనే రోమన్ మాట ఎట్రస్కన్ నుంచి వచ్చిందని వర్రో రాశాడు. నెల నడుమ వచ్చే ఆ గుర్తు దినంలో, మాట్లాడేవారు పోయిన ఒక భాష మాట మిగిలింది.

రాబోయే తేదీల్లో వర్జిల్ జన్మించి 2100 ఏళ్లు నిండేది 2031 అక్టోబరు 15న. 1930 నాటి లెక్క పాటిస్తే ఉత్సవాలు ఏడాది ముందే మొదలవుతాయి. 2047 ఏప్రిల్ 21న రోమ్ తన 2800వ పుట్టినరోజు జరుపుకుంటుంది, అవి నిండేది 2048లో. 2047 ఆగస్టు 15న భారత స్వాతంత్ర్యానికి వందేళ్లు నిండుతాయి; ఆ రోజు జరిగేది 101వ స్వాతంత్ర్య దినోత్సవం. సునామీకి పాతికేళ్లు నిండే 2029లో మార్గశిర పౌర్ణమి డిసెంబరు 20న వస్తుంది. తిథి, తేదీ మళ్లీ డిసెంబరు 26న కలిసేది 2042లో.